రెండు కేజీల రాయి

నా భార్యకు దక్కని ఆపరేషన్ నా తోడల్లుడి భార్యకు దక్కింది. ఇద్దరూ తోబుట్టువులు. ఇద్దరికీ ఒకటే ఒళ్ళు, ఒకటే షుగరు, ఒకటే ఆయాసం. మేమిద్దరం పనిచేసేది ఒకే ఫ్యాక్టరీలో. ఇద్దరి జీతంలోంచీ నెలనెలా కోసేది ఒకే ఇన్సూరెన్సుకు. ఒకామె బతికింది. ఒకామె పోయింది. ఇందులో వాదించడానికేమీ లేదు.

నేను ఫ్యాక్టరీ గేటు దగ్గర కాటా మనిషిని. తుక్కు ఇనుము వేసుకుని లారీలు వస్తాయి. నిండు లారీని ఒకసారి తూస్తాను. దించాక ఖాళీ లారీని ఇంకోసారి తూస్తాను. తేడా ఎంతో సరుకు అంత. డ్రైవర్లు నిండు తూకానికి నీళ్ళ డ్రమ్ము నింపుకుని వస్తారు, ఖాళీ తూకానికి ముందు మలుపులో పారబోస్తారు. క్లీనరు సీటు వెనకాల నక్కి పడుకుంటాడు. నేను డ్రమ్ము తట్టి చూస్తాను, సీటు ఎత్తి చూస్తాను, అందరినీ దింపుతాను. ఎంత పరిచయస్తుడైనా సరే. నా కాటాకు చుట్టరికం లేదని డ్రైవర్లు చెప్పుకుంటారు. తిట్టుగానే అంటారు. నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

నా తోడల్లుడు అక్కడే స్టోర్సు గుమస్తా. నాకంటే చిన్నవాడు, చదువుకున్నవాడు. నోరుంటే తల కాస్తుందంటారు. వాడికి నోరే ఇల్లు కట్టించింది. నేను పల్లెటూరి బడిలో ఏడో తరగతితో సరి. అంకెలు వచ్చు. ఇన్సూరెన్సు పుస్తకంలో ఉండేలాంటి భాష రాదు.

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకే డాక్టరమ్మ దగ్గర ఆరు నెలలు పథ్యం చేశారు. నెలకోసారి ఆమె తూచేది. తగ్గకపోతే తిట్టేది. నా భార్య ఇంటికొచ్చి ఆ తిట్లన్నీ నాకు నవ్వుతూ అప్పజెప్పేది. చివరికి డాక్టరమ్మే చేతులెత్తేసింది. "ఇది తిండి తగ్గిస్తే తగ్గే ఒళ్ళు కాదు. కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేయించండి. లేకపోతే గుండె మోయలేదు" అంది.

ఆ ఆపరేషన్‌కయ్యే ఖర్చు నా చేతిలో ఉండేది కాదు. మాది అద్దె ఇల్లు. ఎవరి దగ్గరైనా తాకట్టు పెట్టడానికి మా నాన్న కొట్టు మూసేసినప్పుడు మిగిలిన ఇనుప తూకపు రాళ్ళు తప్ప నాకేం లేవు. ఇన్సూరెన్సు ఒక్కటే దారి. కాగితాలు నింపమని తోడల్లుణ్ణి అడిగాను.

"అదెంత పని అన్నయ్యా! ఇట్టే నింపేస్తా" అన్నాడు. టీ తాగుతూ నింపేశాడు. టీ చల్లారేలోపు అయిపోయింది.

ఆస్పత్రి వాళ్ళు తూకానికి రోజు చెప్పారు. నా భార్యకు తూకం అంటే తిట్లు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమె ఎక్కిన ప్రతి తూకం ఆమెను తిట్టింది. ఈసారి పెద్ద ఆస్పత్రి, పెద్ద డాక్టరు. చుట్టాలొస్తున్నారంటే ఇల్లు ఊడ్చినట్టు, ఆమె నాలుగు రోజుల ముందు నుంచీ ఒళ్ళు ఊడ్చుకుంది. మంచినీళ్ళు, మజ్జిగ తప్ప ముట్టలేదు. "మనం కష్టపడుతున్నామని వాళ్ళకు తెలియాలి కదండీ. లేకపోతే తిండిపోతుకు ఆపరేషన్ ఎందుకంటారు" అంది. నాకూ సబబుగానే తోచింది. తూకం రోజు చెవి కమ్మలు కూడా తీసి నా చేతిలో పెట్టి ఎక్కింది.

వారానికి కంపెనీ జవాబు వచ్చింది. కుదరదు.

ఆస్పత్రిలో ఇన్సూరెన్సు కిటికీ వెనక ఒక అమ్మాయి కూర్చుంటుంది. ఆమె దగ్గరికి వెళ్ళాం.

"అందం కోసం ఒళ్ళు తగ్గించుకుంటే పాలసీ ఇవ్వదు అంకుల్. జబ్బు కిందికి వస్తేనే ఇస్తుంది. జబ్బో కాదో తేల్చడానికి ఒక లెక్కుంది. బరువును ఎత్తుతో రెండుసార్లు భాగిస్తారు. షుగరున్న వాళ్ళకు ముప్పై అయిదు రావాలి. ఆంటీకి ముప్పై నాలుగు చిల్లర వచ్చింది."

"ఎంత తక్కువైందమ్మా?" అన్నాను.

ఆమె లెక్కేసింది. "కేజీ కూడా లేదు అంకుల్. ఇంకొక్క కేజీ ఉంటే బాగుండేది."

నా భార్య నవ్వింది. "ఆ తూకానికి నాలుగు రోజుల ముందు రావాల్సింది తల్లీ. మూడు కేజీలు ఎక్కువే ఉండేవి" అంది.

ఆ అమ్మాయి నవ్వలేదు. "ఉపవాసం ఉన్నారా? అయ్యో, ఎవరూ చెప్పలేదా? పాలసీలో ఉంది కదా. మళ్ళీ అడగాలంటే ఆరు నెలలు ఆగాలి."

లావుగా ఉందని జీవితమంతా లోకం తిట్టింది. చాలినంత లావు లేదని కంపెనీ తిట్టింది. ఆటోలో నా భార్య అన్న మాట ఇది. నాకు నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం తోడల్లుడు మా ఇంటికొచ్చి, కుదరదన్న ఆ కాగితం అడిగి తీసుకున్నాడు. చదివాడు. ఇంకోసారి చదివాడు. మర్నాడు స్టోర్సులో ఇన్సూరెన్సు పుస్తకం ముందు పెట్టుకుని, కింద గీతలు గీసుకుంటూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాడని తోటివాళ్ళు చెప్పారు. నా భార్య కాగితాలు నింపేటప్పుడు తెరవని పుస్తకం, తన భార్య కాగితాలు నింపేటప్పుడు తెరిచాడు. నేను ఇది మరవను.

తర్వాత నా భార్యకు కాళ్ళు వాచాయి. చూసుకోవడానికి చెల్లెలు వచ్చి మా ఇంట్లో రెండు వారాలుంది. అదేదో పెళ్ళిల్లు అన్నట్టు ఇద్దరూ వంటగదిలో చేరి నవ్వేవాళ్ళు. నేను గుమ్మంలోకి రాగానే నవ్వు ఆగిపోయేది.

"ఏంటా నవ్వులు?" అన్నాను ఒకసారి.

"లావు వాళ్ళ ముచ్చట్లండీ. సన్నవాళ్ళకు అర్థం కావు" అంది నా భార్య.

"బావకు చెప్పకక్కా, కాటా మీద పెట్టి తూస్తాడు" అంది మరదలు. మళ్ళీ నవ్వులు.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె నాతో అలా నవ్వలేదు. నాకు కళ్ళు కుట్టాయి. కట్టుకున్న పెళ్ళాం తన సొంత చెల్లెలితో నవ్వితే కళ్ళు కుట్టడమేమిటని మీరు అనుకోవచ్చు. అనుకోండి.

మరదలు తూకానికి వెళ్ళిన రోజే మా పడకగది తలుపు కొట్టుకోవడం మొదలైంది. ఆ తలుపుకు మా నాన్న రెండు కేజీల రాయి అడ్డుండేది. ఆరు పలకల ఇనుప రాయి. అది కనిపించలేదు.

"రాయేది?"

"ఎక్కడో పెట్టుంటాను. రాయికేం కాళ్ళొస్తాయా, దొరుకుతుందిలెండి" అంది.

దొరకలేదు. తలుపు గాలికి కొట్టుకుంటూనే ఉంది.

మరదలికి అనుమతి వచ్చింది. ఆమెకు ముప్పై అయిదు దాటిందట. ఆ కబురు నా భార్యే నాకు చెప్పింది, మొహం వెలిగిపోతూ. "మా చిన్నదానికి వచ్చిందండీ!" అంది. నేను ఆ పూట అన్నం ముందు నుంచి లేచిపోయాను.

"ఎందుకండీ ఆ మొహం? ఆరు నెలలాగితే నాకూ వస్తుంది. ఈసారి శుభ్రంగా తినే వెళ్తాను. మీరే వడ్డించండి" అంది.

ఆరు నెలలు ఆగడం ఆమె గుండెకు కుదరలేదు. ఒక తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చింది. ఏం చప్పుడైందా అనుకున్నాను. చప్పుడు కాదు. గురక ఆగిపోయింది.

ఆమె పోయాక కొద్దిరోజులకే మరదలి ఆపరేషన్ జరిగింది. తోడల్లుడు ఇల్లు తాకట్టు పెట్టి ముందు తానే కట్టాడు. బిల్లులు పంపితే కంపెనీ తర్వాత తిరిగి ఇస్తుందట. నన్ను రమ్మన్నారు. వెళ్ళలేదు.

ఇల్లు వేరైనా నా కళ్ళ ముందు నుంచి వాళ్ళు పోలేదు. మరదలు రోజూ మొగుడికి క్యారేజీ తెస్తుంది. గేటు లోపలికి రావాలంటే కాటా పలక మీదుగా నడవాలి, పక్కన దారి లేదు. నా గదిలో అంకెల డబ్బా ఉంటుంది. అది లారీల కోసం పెట్టింది, పది కేజీల చొప్పున చూపిస్తుంది. మనిషి నడిచినా చూపిస్తుంది. మొదట్లో ఆమె నడిస్తే ఎనభై పడేది. కొన్నాళ్ళకు డెబ్భై పడింది. తర్వాత అరవై. నేను అడగకుండానే నా కాటా నాకు ఆ వార్తలు చెప్పేది. ఎదురుగా వెళ్తున్న మనిషిని చూడకుండా ఉండగలిగాను. అంకె చూడకుండా ఉండలేకపోయాను.

క్యాంటీన్‌లో తోడల్లుణ్ణి అందరూ ఆటపట్టించేవాళ్ళు.

"ఏవయ్యా గుమస్తా, ఎవరా కొత్తావిడ? పాతావిడకు తెలుసా?"

"పాతావిడే పంపిందిలే!" అనేవాడు వాడు ఇకిలిస్తూ. నా వైపు చూసి, "అన్నయ్యా, మీ మరదలు ఇప్పుడు మూడంతస్తులు ఆగకుండా ఎక్కుతోంది. మందులు సగం మానేసింది" అనేవాడు. నేను వినాల్సిన సంగతి అనుకున్నాడు. వాడికి తెలియనిది ఏదీ లేదు, ఎదుటివాడి కడుపుమంట తప్ప.

ఒకరోజు అంకె చూసి తలెత్తాను. పొరపాటున మొహం చూశాను.

అది నా భార్య మొహం. పెళ్ళినాటి మొహం. ఒళ్ళు రాకముందు ఆమె దవడ అలాగే ఉండేది, ఎడమ చెంపలో సొట్ట అలాగే పడేది. ఏళ్ళ తరబడి కొవ్వు కింద కప్పబడిపోయిన మొహం చెల్లెలి ఒంట్లోంచి బయటికొచ్చింది. క్యారేజీ పట్టుకుని వాడి దగ్గరికి నడిచి వెళ్ళింది. నాకు దక్కాల్సిన మొహం. వాడి ఇంట్లో తిరుగుతోంది, వాడికి వడ్డిస్తోంది, వాడి మాటలకు నవ్వుతోంది. ఆ మధ్యాహ్నం ఒక లారీని రెండుసార్లు తూచాను, నా మీద నాకు నమ్మకం లేక.

ఆ ఆదివారం ఆమె ఒక్కతే మా ఇంటికొచ్చింది. చేతిలో సంచి. బల్ల మీద పెడితే ఖణేల్మంది. లోపల నా భార్య పాత తువాలులో చుట్టిన రాయి. రెండు కేజీలది.

"అక్క ఇచ్చింది బావా. డాక్టరమ్మ చివరి తూకం లెక్కేస్తే నాకు అర కేజీయో ముప్పావో తక్కువ పడింది. పథ్యం చేసి కాస్త తగ్గాను కదా. 'నాలా అయిపోకే' అని అక్కే ఈ తువాలు పెట్టి నా నడుముకు కట్టింది. పైన వదులు బట్టలు వేసుకున్నా. నర్సు చూడలేదు."

నేను తువాలు మడత పెట్టాను.

"నువ్వూ ఇలాగే చెయ్యొచ్చు కదక్కా, ఈసారి నీకూ కడతాను అన్నాను. 'మీ బావకు తెలిస్తే నా మొహం చూడడే. ఆయన కాటాకు చుట్టరికం లేదు. నేను తిని వెళ్తాలే' అంది." ఆమె ఏడుస్తోంది. నా భార్య మొహంతో ఏడుస్తోంది. "తిరిగిద్దామంటే ధైర్యం చాల్లేదు బావా. ఇంట్లో దాన్ని చూస్తుంటే నిద్ర పట్టడం లేదు."

"నీ మొగుడికి తెలుసా?"

"ఆయనకు తెలీదు. పుస్తకంలో ఏదో కిటుకు దొరికిందనే ఇప్పటికీ అనుకుంటున్నారు."

"వెళ్ళు" అన్నాను. వెళ్ళింది.

అక్కాచెల్లెళ్ళు వంటగదిలో నవ్విన నవ్వు ఇదన్నమాట. తనకు తీసుకోనిది నా భార్య చెల్లెలికి ఇచ్చింది. నాకు దాచి ఇచ్చింది. నేను చిన్నబుచ్చుకోకూడదని తను తీసుకోలేదు. వీటిలో ఏది నన్ను ఎక్కువ కాల్చిందో చెప్పలేను.

మర్నాడు రాయిని పనికి తీసుకెళ్ళాను. రాగి, ఇత్తడి తూచే చిన్న త్రాసు ఒకటి ఉంటుంది నా గదిలో. దాని మీద పెట్టాను. సరిగ్గా రెండు కేజీలు. మా నాన్న రాళ్ళలో దొంగతనం లేదు. నా భార్యకు తక్కువ పడింది ఇందులో సగం కూడా కాదు. రాయిని బల్ల మీద, తూకం చీటీలు ఎగిరిపోకుండా పెట్టాను. ఇంటికి తీసుకెళ్ళబుద్ధి కాలేదు.

అది అక్కడ ఉండగానే ఇన్సూరెన్సు కంపెనీ మనిషి వచ్చాడు. విచారణ ఆఫీసరట. నలిగిన చొక్కా, చంకలో ఫైలు. ఎండలో వచ్చాడు. కుర్చీ వేశాను, నీళ్ళిచ్చాను.

"స్టోర్సు గుమస్తా గారి క్లెయిము గురించండీ. ఆయన ముందే కట్టేశారు, మేం తిరిగివ్వాలి. ఒక చిక్కుంది. పథ్యం డాక్టరు తూచినప్పుడు ఆమె బరువు ప్రతి నెలా కొంచెం కొంచెం తగ్గింది. ఆస్పత్రిలో తూచే రోజుకు ఉన్నట్టుండి పెరిగింది. మేం ఇవ్వాలంటే ఆ తూకం నిజమవ్వాలి."

"కాకపోతే?"

"కాకపోతే పైసా రాదు. మోసమని రాస్తాం. ఆయన ఉద్యోగం సంగతి మీ ఫ్యాక్టరీ చూసుకుంటుంది."

తాకట్టులో ఇల్లు. ఉద్యోగం. మూడంతస్తులు ఆగకుండా ఎక్కే పెళ్ళాం. అన్నీ నా నాలుక చివర ఉన్నాయి. ఇలాంటి రోజొకటి రావాలని నేను కోరుకోలేదంటే అబద్ధం.

"తూకానికి ముందు ఆమె మీ ఇంట్లో ఉన్నారటగా?" అన్నాడు.

"ఉంది."

"ఏం తిన్నారు, ఎలా ఉన్నారు, మీరు చెప్పింది రాసుకుంటాను. బయట డ్రైవర్లను అడిగాను లెండి. మీ కాటాకు చుట్టరికం లేదన్నారు. మీ మాటకు విలువిస్తాం."

అంటూ ఆయన బల్ల మీద రాయి తీసి చేత్తో బరువు చూశాడు. ఖాళీ చేతులకు పని చెప్పే అలవాటు కొందరికి ఉంటుంది. "పాతకాలం రాయిలా ఉందే. ఎంతుంటుంది?"

"రెండు."

"మీరు తూచారా?"

"తూచాను. సరిగ్గా ఉంది."

"ఆమె ఏదైనా కిటుకు చేశారంటారా? ఎవరైనా సాయం చేసి ఉండొచ్చా? అలాంటివారి పేర్లు కూడా రాయాలి మేం."

పేర్లు. నేను నోరు విప్పితే ఆయన ఫైల్లో మొదట పడే పేరు రాయి కట్టినావిడది. చాలినంత లావు లేదని వాళ్ళే వెనక్కి పంపిన మనిషిని, చచ్చిపోయాక దొంగ అని రాసుకుంటారు. ఆమె బతికుండగా ఒక్కసారే ఒక్క తూకాన్ని గెలిచింది. అదీ తన కోసం కాదు.

కాటా మీదికి ఒక నిండు లారీ ఎక్కి హారన్ కొట్టింది. క్లీనరు సీటు వెనక దాక్కోవడం నా గదిలోంచి కనబడుతూనే ఉంది.

"మా ఇంట్లో ఆమె రెండు వారాలుంది" అన్నాను. "అక్క వండి పెట్టింది. చెల్లెలు తిన్నది. పథ్యం గిథ్యం ఏమీ లేదు. లావు కాక ఏమవుతుంది?"

"అంతేనంటారా?"

"నా భార్య చేతి వంట మీరు తినలేదు."

ఆయన నవ్వాడు. రాసుకున్నాడు. సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. రాయిని చీటీల మీద జాగ్రత్తగా పెట్టి వెళ్ళిపోయాడు. నేను బయటికొచ్చి లారీ సీటు ఎత్తి, క్లీనరును చొక్కా పట్టుకుని కిందికి లాగాను. వాడు నా మొహం చూసి గేటు బయటికి పరిగెత్తాడు.

నా చేతి మీదుగా దాటిన దొంగ తూకం అదొక్కటే. వాళ్ళ కోసం దాటనివ్వలేదు. వాళ్ళు బాగుపడాలనీ కాదు. బాగుపడ్డారు, అది వేరే సంగతి.

కంపెనీ డబ్బు వచ్చింది. ఇల్లు విడిపించుకున్న రోజు మధ్యాహ్నం మొగుడూ పెళ్ళాం కలిసి వచ్చారు. కాటా పలక మీద, నా కిటికీ ముందు నిలబడ్డారు. వాడికి ఎవరో చెప్పారట, విచారణకు నేను సాక్ష్యమిచ్చానని.

"అన్నయ్యా! మీరు చెప్పిన ఒక్క మాటతో..." మొదటిసారి వాడి నోటికి మాట అందలేదు. "మీ మనసు వెన్న. పైకే ఇనుము."

"పుస్తకం ఎప్పుడు చదివావు?" అన్నాను.

"ఏ పుస్తకం అన్నయ్యా?"

"ఇన్సూరెన్సుది. నా భార్య కాగితం వెనక్కి వచ్చాక కదూ?"

వాడు నేల చూశాడు. జవాబు నాకు అక్కర్లేదు.

మరదలు కిటికీ దగ్గరికి వచ్చింది. బల్ల మీద రాయి చూసింది. చెంప సొట్ట వణికింది. "బావా, ఒక్కసారి అక్క గురించి మాట్లాడుకుందాం. నువ్వు ఆ రోజు ఏం చెప్పావో, ఎందుకు చెప్పావో నాకు తెలుసు. మనసులో పెట్టుకోకు. ఇంటికి రా బావా, అన్నం తిను."

ఆ మొహం నన్ను అన్నానికి పిలిచి చాలా రోజులైంది. డబ్బాలో అంకె చూశాను. ఇద్దరికీ కలిపి నూట ముప్పై. నా భార్యది అందులో ఎక్కడా లేదు.

"కాటా దిగండి" అన్నాను. "లారీ వస్తోంది."

"బావా..."

"ఆ మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు. నువ్వూ ఎత్తకు, నీ మొగుడినీ ఎత్తనివ్వకు. దిగు."

దిగారు. అంకె సున్నాకు వచ్చింది. లారీ ఎక్కింది.

ఆ తర్వాత వాళ్ళింటికి నేను వెళ్ళలేదు. పిలవడం వాళ్ళు మానలేదు. రాయి కాటా గదిలోనే ఉంది. ఇంట్లో తలుపు కొట్టుకుంటుంది, కొట్టుకోనీ. ఆ తూకం సంగతి ఇప్పుడు చెప్పాను కాబట్టి చెప్పాను. ఇక ఎవరడిగినా చెప్పను.